మెట్ల కింది గది చీటీ

ఆ ఆదివారం ఉదయం పది గంటల పది నిమిషాలకు మా ఆవిడ రాగి చెంబు కడిగి వంటింటి గట్టు మీద బోర్లించింది. గోడ గడియారం దానికి సరిగ్గా పైన ఉండేది, అందుకే గుర్తు. ఆ చెంబుతో నేను చేసిన పని తొమ్మిదేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడం అలవాటైంది కానీ తేలిక కాలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పగలిగి ఉంటే ఇది రాసేవాణ్ణి కాదు.

హిందూపురంలో మాది పన్నెండు ఇళ్ల అపార్ట్‌మెంట్. బిల్డరు కింద స్తంభాల మధ్య ఖాళీ వదిలి పోయాడు. ఎవరి బండి ఎక్కడ పెట్టాలో గీతల్లేవు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, తీరిక ఉన్నవాణ్ణి అని ప్లాను గీసే పని నాకు అప్పగించారు. టేపు పట్టి కొలిచాను. కార్లకు, స్కూటర్లకు గీతలు గీయించాను. బండ్లు తప్ప ఇంకేదీ కింద పెట్టరాదని రూలు రాశాను. అన్నిటికీ ఒప్పుకున్నారు. తగాదా అంతా మెట్ల కింది గది దగ్గరే వచ్చింది. సామాను పెట్టుకోవడానికి ఉన్నది ఆ ఒక్కటే.

మొదటి అంతస్తులో కూతురి దగ్గరుండే పెద్దాయన ధర్మవరంలో నలభై ఏళ్లు చీరలు నేశాడు. అక్కడి ఇల్లు ఖాళీ చేసినప్పుడు మగ్గం విప్పి, కొయ్యలన్నీ తాళ్లతో కట్టి తెచ్చుకున్నాడు. పెనుకొండలో అల్లుడికి స్థలం ఉంది. ఏడాదిలో అక్కడ రేకుల షెడ్డు వేస్తే మగ్గం మళ్లీ నిలబెట్టాలని ఆయన ఆశ. అందాకా చోటు కావాలి. అంత పొడవు కొయ్యలు పట్టేది ఆ గదిలో మాత్రమే. ఆ సంగతి అందరికంటే నాకు బాగా తెలుసు. కొలిచింది నేను.

నాకూ ఆ గది కావాలి. పుస్తకాలకు.

చీటీలు వేద్దామన్నారు. మా వైపు ఇలాంటివి దేవుడి పటం ముందు, చీటీలకు పసుపు రాసి, చెంబులో వేసి తీస్తారు. అలా వచ్చినదాన్ని ఎవరూ కాదనరు. పన్నెండు చీటీలూ నేనే రాశాను. ఒక్కదాని మీదే 'గది' అని ఉంది. దానికి పసుపు ముద్దగా పట్టించి, చెంబు మెడ కింద, లోపలి వంపుకు అతికించాను. చెయ్యి పెట్టినవాళ్లు అడుగునే వెతుకుతారు. రాసినవాడు ఆఖరున తీయడం మర్యాద అన్నాను. ఎంత మంచి మాట అన్నారు.

అందరూ నవ్వుతూనే తీశారు. "నాకొస్తే మా అత్తను ఆడ పెడదామనుకుంటినప్పా" అన్నాడు నూనె అంగడాయన, ఖాళీ చీటీ చూపిస్తూ. "ముందు నిన్నే పెడ్తాంలే" అంది ఆయన భార్య. పెద్దాయన చీటీ కళ్లకు అద్దుకుని విప్పాడు. ఖాళీ. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

వారం తర్వాత మా గుమ్మం ముందుకొచ్చాడు.

"సార్, గదిలో ఒక వార నిలబెట్టుకుంటా. షెడ్డు అయ్యేదాకానే. మీ పుస్తకాలకు అడ్డం రాదు."

"రూలు అందరికీ ఒకటే కదా పెద్దాయనా. మీకిస్తే రేపు ఇంకొకరు అడుగుతారు."

"అదీ నిజమేలే సార్. సామి ముందర తీసిన చీటి. మనం కాదంటే అయితాదా."

ఇంకో మాట అనలేదు. అని ఉంటే నేను ఒప్పుకునేవాణ్ణా? ఆ ప్రశ్న నాకు నేను చాలాసార్లు వేసుకున్నాను, ప్రతిసారీ కొంచెం మంచి జవాబు చెప్పుకున్నాను, ఏదీ నమ్మలేదు. మగ్గం కొయ్యలు పార్కింగ్‌లో గీత దాటి ఉన్నాయని పక్కవాళ్లు ఫిర్యాదు చేశారు. పది రోజుల్లో తీసేయాలని నోటీసు రాసింది నేనే. కట్టెల డిపో వాళ్లు టెంపోలో వేసుకుపోయారు. ఆయన నాడె ఒక్కటి ఉంచుకున్నాడు, అడ్డపోగు నేసేది, అరచేతిలో పట్టేంత కొయ్య ముక్క.

పెనుకొండలో షెడ్డు ఏడాదిలోనే లేచింది. మగ్గం లేని ఆ షెడ్డులో ఆయన రెండు వేసవులు కూర్చున్నాడు. మూడో వేసవికి లేడు.

ఇప్పుడు చెంబు సంగతి. చీటీలు తీసిన ఆ ఉదయం, అందరూ వెళ్లాక, మా ఆవిడ చింతపండుతో దాని లోపలంతా తోమింది. మెడ కింద చెయ్యి ఆగింది. వేళ్లు బయటికి తీసి, అంటుకున్న పసుపు చూసుకుంది. నన్ను చూసింది. మళ్లీ తోమి, కడిగి, బోర్లించింది. ఆ తర్వాత ఆరేళ్లు బతికింది, ఆ గదిలో ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. పుస్తకం ఏదైనా కావాలంటే, మీరే తెండి అనేది. ఆమెకు తెలుసా? తెలిసి నన్ను కాపాడిందా, నేను చెప్తానని ఎదురుచూసిందా? అడిగే ధైర్యం ఆమె ఉన్నప్పుడు లేదు. ఇప్పుడు ధైర్యం అక్కరలేదు, అడగడానికి ఆమె లేదు.

ఆమె పోయిన పదకొండో రోజున పెద్దాయన కూతురు వచ్చింది. నాలాగా ఆఖరి చీటీ తీసుకునే మనిషిని చూడలేదని వాళ్ల నాయన పోయేదాకా చెప్పేవాడట. అప్పుడు చెప్పవలసింది. కాఫీ తాగమన్నాను.

నెల తర్వాత పుస్తకాలు తీసేసి గది తాళం కమిటీకి ఇచ్చాను. దాంతో ఏదీ సరికాలేదు. గది ఎవరికివ్వాలో చీటీలు వేద్దామని, మా చెంబే కావాలని అడిగారు. ఇవ్వనన్నాను. ఏడాదికొక ఇంటికి వంతు పెట్టి జాబితా రాసిచ్చాను. ఆవిడ వాడిన చెంబని ఇవ్వలేదనుకున్నారు. అనుకోనిచ్చాను. అసలు కారణం ఇప్పుడు మీకు చెప్పాను.

మా అపార్ట్‌మెంట్‌లో ఇప్పుడు దేనికీ చీటీలు తీయడం లేదు.