శుక్రవారం సీసాల్లో నీళ్లు

కరోనా తగ్గిన ఏడాది శ్రావణంలో, నాంపల్లిలోని మా ల్యాబులో నన్ను గ్రాఫీన్ గదికి మార్చారు. నా హోదా అటెండర్. పని గాజు సామాను కడగడం. సంతకం తప్ప నాకు రాత రాదు, అందుకని ఇది నోటితో చెప్పి రాయిస్తున్నాను.

పెన్సిల్ ముల్లులో ఉండే గ్రాఫైట్‌ను పల్చటి పొరలుగా విడదీస్తే గ్రాఫీన్. నీళ్లలో అది నిలవదు, పొరలు మళ్లీ ఒకదాన్నొకటి అతుక్కుంటాయి. ఎన్ఎంపీ అనే ద్రావకంలో వేసి, సోనికేటర్ తొట్టిలో గంటలకొద్దీ అదిరిస్తే విడిపోతాయి. తర్వాత గిర్రున తిప్పి, పైతేట వంచుకుంటారు. రెండు రోజులైనా సిరాలా నల్లగా ఉంటే పాసు. అడుగున మడ్డి దిగితే ఫెయిలు.

మా స్కాలర్ గ్రేస్‌ది మెదక్. ఆమె శనివారం చేసినవన్నీ ఫెయిలే. చివరికి శనివారాలు తొట్టి ముట్టడమే మానేసింది.

"యేసయ్య బిడ్డవు, నీకు శని పట్టింపేందమ్మా?" అనేదాన్ని.

"నవ్వకు యాదమ్మక్కా, నాకే సిగ్గయితుంది."

ఒకసారి రంగుల కంపెనీవాళ్లు సోమవారం చూడటానికి వస్తామన్నారు. ఈసారి కూడా మడ్డి దిగితే ప్రాజెక్టు మూసేస్తామని మా ల్యాబు పెద్ద సార్ చెప్పేశారు. మూస్తే గ్రేస్ పీహెచ్‌డీ సగంలో ఆగుతుంది. ద్రావకం డబ్బా చూస్తే శుక్రవారం సాయంత్రానికి వచ్చింది. ఇక శనివారం తప్పదు. ఆ పిల్ల దిగులుగా నా పక్కనే స్టూలు మీద కూర్చుంది.

నేను చూసి నేర్చుకున్న పద్ధతి ప్రకారమే సబ్బుతో, మంచినీళ్లతో, ఆఖరున అసిటోన్‌తో కడిగి, ఓవెన్లో ఆరబెట్టాను. ఆరినవి వరసగా పెట్టి, ప్రతి శుక్రవారంలాగే, ద్రావకం పోసే గోధుమరంగు సీసాల్లో తలా కాసిని నీళ్లు పోశాను.

గ్రేస్ లేచి నిలబడింది. "గదేందక్కా?"

"శుక్రవారం దీపాల యాళ్ల ఖాళీ గిన్నె ఉంచుతరా? ఇంటికి మంచిది గాదు."

"ఇది ఇల్లా?"

"పొద్దుగూకినా మీరు ఇంటికి పోరు. మరి ఇల్లుగాక ఏంది?"

ఏడుస్తుందనుకున్నా, పకపకా నవ్వింది. ఆ రంగు సీసాలో నీళ్లు కనబడవు. ఎన్ఎంపీలోనేమో ఇట్టే కలిసిపోతాయి. ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటీ వంచి మళ్లీ ఆరబెట్టాం. శనివారం వాటిల్లో చేసిన సిరా నలుపు సోమవారం దాకా చెక్కుచెదరలేదు.

సంగతి విని సార్ గోదావరి యాసలో, "పాపం శనీశ్వరుణ్ణి మూడు నెల్లు ఆడిపోసుకున్నామండీ యాదమ్మగారూ," అన్నారు. నన్ను తీసెయ్యలేదు. నా శాస్త్రం కోసం కిటికీలో ఒక చెంబు పెట్టించారు.

కడిగే పద్ధతి, ఆరాక నీళ్లు తగలనివ్వొద్దన్న మాటతో సహా, గోడకు అంటించే ఉండేది. అది చదవడం నాకు వచ్చా అని ఎవరూ అడగలేదు, రాదని నేనూ చెప్పలేదు. చదవలేనివాళ్లకు పద్ధతి నోటితో చెప్పాలి. రానివాళ్లు రాదని ముందే ఒప్పుకోవాలి. ల్యాబులో ఏది పోసినా అడిగి పోయాలి, మంచినీళ్లయినా సరే.