ఎడమచేతి సాక

నిన్న బహదూర్‌పల్లిలో మనవరాలి ఇంట్లో ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే చేయి జివ్వుమంది. కరెంటాయన వచ్చి, పెరట్లో ఎర్త్ గుంట ఎండిపోయిందని, రోజూ ఇన్ని నీళ్లు పోయమని చెప్పి వెళ్లాడు. చెంబు పట్టుకుని వెళ్లాను గానీ, మా అక్క గుర్తొచ్చి అక్కడే నిలబడిపోయాను.

పందొమ్మిది వందల నలభైల్లో మేడ్చల్ దగ్గర పల్లికాయ ఒలిచే మిల్లుకు మేమిద్దరం కూలికి పోయేవాళ్లం. నూనె ఇంజను తీసేసి కరెంటు మోటారు పెట్టిన కొన్నాళ్లకు మిషను ఇనుప తొట్టి ముట్టుకుంటే వేళ్లు జివ్వుమనసాగాయి. మిషను కింద మైసమ్మ వెలిసిందని అందరం ఒప్పేసుకున్నాం. తొట్టికి పసుపు పూసి, పొద్దున్నే దాని కాళ్ల దగ్గర, అమ్మ శాంతించాలని చెంబుడు నీళ్లు సాక పోసేవాళ్లం. పోసిన రోజు అమ్మ ఇంకా గట్టిగా పలికేది. కోపం తగ్గలేదేమోనని మరో చెంబు పోసేవాళ్లం. భక్తికి మాకేం కొదవ! నా బుర్రకు అందనిది ఒకటే. మాతో కూలికొచ్చే, చర్చికి పోయే పక్కింటి వదిననూ అమ్మ పట్టేది, తోలు చెప్పులేసుకున్న మేస్త్రీని మాత్రం వదిలేసేది. ఇదేం లెక్కని అక్కను అడిగితే నోరు మూసుకొమ్మంది.

ఒక వానపొద్దు అక్క సాక పోసి, ఆ తడిలోనే వట్టికాళ్లతో నిలబడి తొట్టి పట్టుకుంది. పట్టిన చేయి తొట్టిని వదల్లేదు. ఒళ్లంతా వణుకుతోంది.

"అమ్మొచ్చింది, దండం పెట్టుండ్రి," అందొకామె. అందరం పెట్టాం. మేస్త్రీ పరుగున వెళ్లి మోటారు బందు చేయకపోతే అక్క దక్కేది కాదు. కుడిచేతి వేళ్లు మాత్రం కాలి ముడుచుకుపోయాయి.

తర్వాత పట్నం నుంచి ఒకాయన వచ్చాడు. మోటారు లోపల తీగ మీది తొడుగు ఊడిపోయి, తీగ ఇనుముకు తగులుతోందట. దాన్ని బాగు చేసి, మిల్లు వెనక గుంట తవ్వించి, రాగి పలక పాతి, ఉప్పూ బొగ్గూ నింపి, తొట్టికీ దానికీ తీగ కలిపాడు. దారి తప్పిన కరెంటు ఇక మనుషుల్లోకి కాకుండా భూమిలోకి పోతుందన్నాడు. మిషను దగ్గర చుక్క నీళ్లు పడొద్దు, గుంటలో మాత్రం రోజూ పోయాలన్నాడు. మాకు ఉన్న మతి కూడా పోయింది. అక్కడ పోస్తే చావు, ఇక్కడ పోస్తే రక్షా? ఎందుకైనా మంచిదని గుంటకూ పసుపు పూశాం.

ఆ నీళ్లు పోసే పని అక్కే తీసుకుంది. ఎడమచేత్తో సాక పోస్తావేందని ఒక ముసలామె కోప్పడింది.

"కుడిచెయ్యి అమ్మకిచ్చిన గదా అవ్వా," అంది అక్క. "ఇగ గిదే ఉంది."

నిన్న నేనూ చెంబు ఎడమచేతికి మార్చుకునే పోశాను. మిల్లు పోయింది, అక్క పోయింది, ఎర్త్ అనే మాట నోటికి అలవాటైంది. ఆ గుంటకు దండం పెట్టాలో, దూరం జరగాలో తేల్చుకోవడానికి మాత్రం ఇంత ఆయుష్షూ నాకు చాలలేదు.