బడి అన్నం ఆపేసిన ఏడు

నేను ఐదో తరగతి దాకా చదివాను. ఐదేళ్లలో కాదు, ఎనిమిదేళ్లలో. చివరికి మా పంతులుగారే దండం పెట్టి, "నాయనా, నువ్వు లేస్తే ఆ చోట్లో ఇద్దరు కూర్చుంటారు" అన్నారు. అలా చదువుకు మేలు చేసి ఒక ఆసామి దగ్గర జీతానికి కుదిరాను.

ఎనభైల్లో ఒక ఏడు, మిరప కోతల రోజుల్లో, ఖజానాలో డబ్బు లేదని బళ్లో మధ్యాహ్నం పెట్టే అన్నం ఆపేశారు. మా ఆసామి కల్లంలో మంచం మీద కూర్చుని పేపరు మడిచి, "మంచి పని చేశారు. దేశానికి పొదుపుండాలి" అన్నాడు. ఆయన కొడుకు ఆ అన్నం మొహం ఎన్నడూ చూడలేదు. వాడికి ఇంటినుంచి పెరుగన్నం కారియర్ వెళ్లేది. అదే నెలలో ఎరువుల రాయితీ కూడా తగ్గిస్తారని పుకారొస్తే మాత్రం, ఆయన రెండు పూటలు భోజనం మానేశాడు. "మీరూ పొదుపు మొదలెట్టారా అండీ" అని అడిగాను. చెప్పు కోసం వెతికాడు.

అన్నం ఆగిన మర్నాడే, మా పేటలో ఉండే కూలీ అక్క నాలుగో తరగతి చదివే కూతుర్ని కల్లానికి తెచ్చింది. ఆరబోసిన మిరపకాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరెయ్యడం పని. ఏరేవాళ్లకు మధ్యాహ్నం ఆసామే అన్నం పెట్టాలి, అది మా వైపు ఆనవాయితీ.

"ఏమక్కా, పిల్లకప్పుడే ఉద్యోగం వేయించావు?"

"పలకమీద అన్నం అని రాస్తే కడుపు నిండుద్దా? ఇంత ముద్ద నువ్వు పెట్టు, రేపే బడికి పంపుతా."

నా ముద్దే నాకు చాలేది కాదు. వారం తిరిగేసరికి కల్లంలో ఇంకో పదిమంది పిల్లలు చేరారు. అక్క కూతురు మాత్రం ఘాటుకు తుమ్ముకుంటూ, పదమూడో ఎక్కం అప్పజెప్పుకుంటూ ఏరేది. నేను ఏడో ఎక్కం దాటినవాణ్ణి కాదు. ఎందుకో నాకే సిగ్గేసింది.

ఒకరోజు ఆసామి వచ్చే ముందు, ఆ పిల్ల ఏరిన మంచికాయల రాశిలో నేనే రెండు దోసిళ్ల తాలు కలిపాను.

"చూశారా అండీ? ఈ పిల్ల చేతిలో పడితే మిర్చి యార్డులో మన సరుకు పేరు పోద్ది. ఊరికే పొమ్మంటే ఈ కోతల్లో వాళ్లమ్మా పోద్ది. పిల్ల అన్నం కోసమేగా వచ్చేది. అదేదో పెట్టి బడికి తోలేస్తే సరుకన్నా దక్కుద్ది."

ఆయన ఒక తాలుకాయ తీసి చూసి, మొహం చిట్లించాడు. "పెట్టి పంపరా. మళ్లీ కాయల మీద చెయ్యి వెయ్యనీకు."

అప్పట్నుంచి ఆ పిల్ల మధ్యాహ్నం బడి గంట కొట్టగానే వచ్చి, తిని, మళ్లీ బడికి పరుగెత్తేది. నాకు గర్వం ఆగలేదు. కొన్నాళ్లకు అక్కకు గుట్టు విప్పి, "సర్కారు తీసేసిన అన్నం నేను పెట్టించా" అన్నాను.

ఆమె తలెత్తకుండానే ఏరుతూ అంది: "సంతోషం తమ్ముడా. నా బిడ్డకు పని రాదని పేరు పెట్టి మరీ పెట్టించావు. అదిగో, ఆ మూల ఇంకా పదిమంది కూర్చున్నారు. వాళ్లందరి రాశుల్లో కలపడానికి మీ ఆసామి తాలు సరిపోద్దా?"