సగం లేచిన తలదిండు

పుంగనూరు దాటి పలమనేరు దోవలో ఒక కల్వర్టు పక్కన డ్రైవరు కారు ఆపాడు. ఇంజను ఆపలేదు. సీటు మీద మోకాళ్ళూని వెనక్కి తిరిగాడు. సీటు పైన ఉన్న తలదిండును రెండు చేతులా పట్టుకొని, వేరుశనగ చెట్టు పెరికినట్టు ఒక్క ఊపున పెరికాడు. అది అంత సులభంగా వస్తుందని అతను అనుకోలేదు. దిండుతో సహా వెనక్కి పోయి స్టీరింగు మీద పడ్డాడు. హారను మోగింది. రోడ్డు పక్కన మేస్తున్న మేకలు చెదిరిపోయాయి.

లేచి, గడ్డం నిమురుకొని, దిండును పక్క సీట్లో ఉన్న నా ఒళ్ళో పెట్టాడు.

"పట్టుకో సారూ. కుప్పం వచ్చేదాకా ఇది నీ బిడ్డ."

"మీ ఓనరు చూస్తే?"

"సూస్తే తాళం ఇంగొకడి చేతికి పోతాది. అందుకే కదా కుప్పం రాకముందే మళ్ళా పెట్టేస్తానంటాండేది."

ఈ మాట అతను నవ్వుతూనే అన్నాడు గానీ, అది నవ్వులాట కాదని మదనపల్లె టాక్సీ స్టాండులో అందరికీ తెలుసు.

స్టాండులో అతన్ని భాయ్ అనేవాళ్ళం. యాభై దాటిన మనిషి. వాళ్ళ నాయన జట్కా తోలేవాడు. నాయన నుంచి అతనికి వచ్చినవి రెండు. ఒకటి, బండి ముందు ఏది నడుస్తున్నా దాన్ని దారి తప్పుకోమని ఉర్దూలో బతిమలాడడం. రెండోది తలగుడ్డ. ఎర్రగళ్ళ టవలును నాలుగు చుట్లు చుట్టి, వెనక మెడకు పైన నిమ్మకాయంత ముడి వేసేవాడు. అది లేకపోతే స్టీరింగు మాట వినదని అతని నమ్మకం.

డెబ్బైల్లో అతను అంబాసిడర్ నడిపేవాడు. విలేకరిగా నేను జిల్లాలో ఈ పక్కంతా తిరిగింది సగం ఆ కారులోనే. దానికి ముందు సీటు మన ఇంటి అరుగులాంటిది, ఈ కొస నుంచి ఆ కొసకు ఒకటే పలక. భుజాల దాకా ఆనుకోవచ్చు, ఆపైన తల ఎవరిది వాళ్ళు మోసుకోవాలి. ముడికి అడ్డమేమీ లేదు. రామసముద్రం గతుకుల్లో కూడా భాయ్ మెడ నిటారుగా, ఊరేగింపులో ఉన్నట్టు ఉండేది.

ఎనభైల నడుమ ఓనరు కొత్త చిన్న కారు కొన్నాడు. ఓనరు నిమ్మనపల్లె పక్క భూమి ఉన్న ఆసామి. వస్తువును వాడడం కంటే కాపాడడం మీద ఆయనకు మక్కువ. ఇంట్లో రేడియోకు కుట్టించిన గుడ్డతొడుగు తీయకుండానే వార్తలు వినేవాడు. కొత్త కారు స్టాండుకు వచ్చిన రోజు అందరి ముందరా చెప్పాడు.

"భాయ్, కంపెనీ వాళ్ళు ఎట్ల ఇచ్చినారో అట్లనే ఉండల్ల. ఒక్క సామాను కదిలినా ఈ తాళం నీ చేతిలో ఉండదు. తెలిసిందా?"

భాయ్ తెలిసిందన్నాడు. తాళం తీసుకొని, కళ్ళకద్దుకొని, లోపల కూర్చున్నాడు. కూర్చోగానే తల వాలిపోయింది.

కారణం ఆ తలదిండు. కొత్త సీట్లకు పైన, తల వెనక, దిండు లాంటిది బిగించి ఉంది. అది వెనక ఊరికే ఉండక ముందుకు పొడుచుకొని వచ్చింది. ఉత్త తలతో కూర్చున్నవాళ్ళకే మెడ కొంచెం వంగేది. భాయ్ ముడి సరిగ్గా ఆ దిండు మీద ఆనేది. నిమ్మకాయంత ముడి నిమ్మకాయంత తోస్తే మనిషి గడ్డం పోయి గుండీలకు తగిలింది. రోడ్డు చూడాలంటే కళ్ళు మాత్రం పైకెత్తాలి.

పెళ్ళిచూపుల్లో పీట మీద కూర్చోబెట్టిన పిల్ల సరిగ్గా అట్లాగే చూస్తుంది. ఈ సంగతి స్టాండువాళ్ళు కనిపెట్టడానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఏం భాయ్, అబ్బాయి నచ్చినాడా?"

"సిగ్గు పడొద్దులేమ్మా, తలెత్తి సూడు. మావాళ్ళు మంచోళ్ళే."

"పాట వచ్చునా అని అడగండప్పా ఎవురైనా!"

భాయ్ గేరు వేసుకొని పోయేవాడు. తల ఎత్తి జవాబు చెప్పే వీలు కూడా లేదు పాపం.

ముడి ముందుకు మార్చుకోమని నేనొకసారి సలహా ఇచ్చాను. అతను నన్ను జాలిగా చూశాడు. "ముందు ముడి మూటలు మోసేవాళ్ళది సారూ. పక్క ముడి పెండ్లికొడుకుది. వెనక ముడి బండి తోలేవాడిది. ఈ వయసులో నన్ను ఏం జేయమంటావు, మూటలు మోయమంటావా, పెండ్లి జేసుకోమంటావా?"

అట్లాగని ఊరికే కూర్చున్నవాడు కాదు. నడుము వెనక గోనెసంచి మడతపెట్టి చూశాడు. దాంతో మనిషి ముందుకు జరిగాడు గానీ మోకాళ్ళు స్టీరింగుకు తగిలాయి. కింద దుప్పటి వేసుకొని ఎత్తు పెంచితే దిండు మెడ కిందికి వచ్చింది, తల కారు కప్పుకు కొట్టుకుంది. స్టాండులో ఇంకో కొత్త కారు డ్రైవరు తన దిండును పీకి వెనకది ముందుకు తిప్పి పెట్టుకొని హాయిగా తిరుగుతున్నాడు. ఆ భాగ్యం భాయ్‌కి లేదు. దిండు మీద చెయ్యి పడితే ఉద్యోగం పోతుంది. ఇరవై ఏళ్ళుగా ఆ ఓనరు బండే తోలాడు. వేరే ఓనరు దగ్గర చేరే వయసు కాదు, లారీ ఎక్కే వయసు అంతకంటే కాదు. అందుకే రెండు నెలలు ఓర్చుకున్నాడు. సాయంకాలానికి మెడ పట్టేసి, ఎవరైనా పిలిస్తే తలతో కాక మనిషి మొత్తంగా తిరిగేవాడు.

కుప్పం పక్క ఏనుగులు చేలల్లో పడ్డాయని నాకు కబురు వచ్చింది. ఆ పొద్దే భాయ్ ఖాళీ కారుతో కుప్పం పోతున్నాడు. ఓనరు అక్కడ బావమరిది ఇంట్లో ఉన్నాడు, ఎక్కించుకొని రావాలి. నన్ను రమ్మన్నాడు. పుంగనూరు దాకా ఓర్చుకున్నాడు. ఆపైన జరిగింది మొదటే చెప్పాను.

దిండు పోగానే మనిషి మారిపోయాడు. మెడ నిలబడింది. ఎదురొచ్చిన ఎద్దులబండికి ఉర్దూలో సలాం చెప్పాడు. నేను మాత్రం ఒళ్ళో దిండుతో, దానికి కింద ఉన్న రెండు ఇనపకడ్డీలు తొడల్లో గుచ్చుకుంటూ, నిజంగానే కాళ్ళాడించే బిడ్డను ఎత్తుకున్నట్టు కూర్చున్నాను.

వి.కోట దాటాక ఒక అవ్వ చెయ్యెత్తింది. బస్సు తప్పిపోయిందట, శాంతిపురం అవతల దిగాలట. వెనక సీట్లో ఎక్కించుకున్నాం. పది నిమిషాలు కాలేదు, తల తిరుగుతోందని మూలిగింది.

భాయ్ నా ఒళ్ళోంచి దిండు లాగి వెనక్కి అందించాడు. "ఇదో అవ్వా, ఈ దిండు పెట్టుకో."

అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏమప్పా, దీనికి కాళ్ళుండాయే!"

"కొత్త రకం అవ్వా."

"నా బతుకులో కాళ్ళుండే దిండు సూడ్లేదు నాయనా. నడిసి పోతాదా ఏమి?"

"పోదులే, పండుకో."

కడ్డీలు గుచ్చుకోకుండా వాటికి నా పాత పేపరొకటి చుట్టి ఇచ్చాను. అవ్వ నిద్రపోయింది. శాంతిపురం దాటి ఎడమపక్క మట్టిదోవ దగ్గర లేపితే మూట సర్దుకొని దిగింది. కిటికీలోంచి చెయ్యి పెట్టి భాయ్ భుజం నిమిరింది. "సల్లగుండు నాయనా. కడుపున పుట్టినోడు కూడా నాకు ఒక దిండు ఇచ్చినోడు కాదు."

ఇది ఉత్త దీవెన అనుకున్నాం. మాటలు విని రాసుకోవడమే నా వృత్తి, నేను కూడా దీవెన అనే అనుకున్నాను.

ఏనుగులు తొక్కిన రాగిచేను చూసి, రైతులు చెప్పింది రాసుకొని, కుప్పం మొదట్లోకి వచ్చాం. భాయ్ ఒక చింతచెట్టు చాటున కారు ఆపాడు.

"బిడ్డను ఇయ్యి సారూ."

"నా దగ్గర యాడుంది? అవ్వకు ఇస్తివి కదా."

ఇద్దరం వెనక్కి తిరిగాం. సీటు మీద నా పాత పేపరు ఒక్కటే ఉంది, చక్కగా మడతపెట్టి. పరాయి సొమ్ము కదా, దాన్ని మాత్రం వదిలి పోయింది.

భాయ్ తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. "పెట్టుకో అంటి సారూ. తలకింద పెట్టుకో అని కదా నేనంది!"

"ఆమె ఇంట్లో పెట్టుకుంది."

ఆ తమిళ సరిహద్దులో ఆ మాటకు రెండర్థాలూ సమానమే. తలకింద పెట్టుకున్నా పెట్టుకోవడమే, నీదిగా ఉంచేసుకున్నా పెట్టుకోవడమే. పక్కనే ఉన్న తమిళంలోనూ అంతే. పేపరాఫీసులో చేరిన కొత్తలో మాకు చెప్పేవాళ్ళు, వాక్యానికి ఒకే అర్థం ఉండాలని. భాయ్‌కి ఆ పాఠం ఎవరు చెప్తారు?

తిరిగి పోదామంటే ఆ మట్టిదోవ ఏ ఊరికి పోతుందో తెలీదు. ఓనరు చెప్పిన టైము దాటిపోతోంది. భాయ్ తలగుడ్డ మళ్ళా చుట్టి, ముడి వేసి, నా సీటు దిండు పీకి తన సీటుకు పెట్టాడు. గడ్డం గుండీల మీదికి వచ్చింది.

"ఓనరు నా సీటే సూస్తాడు సారూ. ఆయప్ప కూర్చునేది నీ సీట్లో, కూర్చుంటే దిండు లేని సోటు వీపు వెనక్కి పోతాది, కనపడదు."

అట్లాగే జరిగింది. ఓనరు వచ్చి, భాయ్ సీటును ఒకసారి పరీక్షగా చూసి, పక్కన కూర్చున్నాడు. నేను వెనక్కి మారాను. ఆయనా తలగుడ్డ మనిషే, తెల్లది. ఆయన మెడకు అటూ ఇటూ, సీటు అంచులో, దిండు కడ్డీలు దిగే రెండు బొక్కలు నా కళ్ళెదురుగా ఉన్నాయి. మదనపల్లె దాకా వాటినే చూస్తూ వచ్చాను.

వి.కోట దగ్గర ఓనరు వెనక్కి వాలాడు. "భాయ్, ఈ పొద్దు బండి బలే సుకంగా పోతాండాది."

"రోడ్డు బాగుండాది అన్నా," అన్నాడు భాయ్, చొక్కా గుండీలతో మాట్లాడుతున్నట్టు. సరిగ్గా అప్పుడే కారు ఒక గుంతలో పడి లేచింది.

పలమనేరుకు ఓనరు నోరు తెరిచి నిద్రపోయాడు. కొత్త కారులో ఆయన నిద్రపోవడం అదే మొదలు. పుంగనూరులో టీకి కూడా లేవలేదు.

మదనపల్లెలో ఇంటి ముందు దిగి, ఒళ్ళు విరుచుకొని, తలుపు వేయబోతూ ఆగాడు. సీటు అంచు మీద చెయ్యి పెట్టాడు. చూపుడువేలు ఒక బొక్కలోకి పోయింది.

"ఈ బొక్కలు యాల భాయ్?"

భాయ్ తల ఎత్తలేదు, ఎత్తలేడు. "గాలికి అన్నా. గాలి ఆడేదానికి."

ఓనరు వేలు తీయకుండానే డ్రైవరు సీటు వైపు చూశాడు.

"అయితే నీ పక్క గాలి వద్దా?"

అంతే అని, తాళం తీసుకొని లోపలికి పోయాడు.

ఆ రాత్రి భాయ్ నిద్రపోయి ఉండడు. పొద్దున పోతే తాళం ఎప్పటిలాగే వాకిలి పక్క మేకుకు ఉంది. ఓనరు పళ్ళు తోముకుంటూ నిమ్మనపల్లె ట్రిప్పు ఉందని చెప్పాడు, దిండు మాట ఎత్తలేదు.

"పేపరు సారు కదా నువ్వు, ఆ మాటకు అర్థం చెప్పు," అన్నాడు భాయ్ నాతో. నువ్వూ పీకెయ్ అనే అని నేనన్నాను. పంచరు షాపాయన అట్లా కాదన్నాడు. "పీకి సూడు, నీ సంగతి సెప్తా అని దానికర్థం." స్టాండు రెండు పక్కలుగా చీలింది. భాయ్ రెండు పక్కలనూ నమ్మాడు. దిండును పూర్తిగా తీయలేదు, పూర్తిగా దించలేదు. నాలుగు వేళ్ళ ఎత్తు లేపి, జారకుండా కడ్డీలకు సైకిలు ట్యూబు ముక్క చుట్టాడు. దిండుకూ సీటుకూ నడుమ మిగిలిన సందులో అతని ముడి, కొలిచి చేసినట్టు, పోయి కూర్చుంది. మెడ నిలబడింది. పెళ్ళిచూపులు ఆగిపోయాయి.

ఓనరు రోజూ ఆ కారెక్కేవాడు. సగం లేచిన దిండు రోజూ ఆయన భుజం పక్కనే ఉండేది. కొన్నేళ్ళకు కారు అమ్మినప్పుడు కూడా అది అట్లాగే ఉంది, పక్క సీటు బొక్కలూ అట్లాగే ఉన్నాయి. ఆ సాయంకాలం ఆయనన్నది అనుమతో బెదిరింపో భాయ్ అడగలేదు. అడగడమే పనిగా బతికిన నేనూ అడగలేదు.