చీటీ లేని తూనీగ

నిన్న మధ్యాహ్నం వర్క్‌షాప్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. లింబాద్రి అన్న లేడట.

"ఏ లింబాద్రి?" అని అడిగాను. నాకు తెలిసిన లింబాద్రి ఒక్కడే. అయినా అడిగాను.

దుబాయ్ దగ్గరి రాస్ అల్ ఖైమా క్వారీలో క్రషర్ ఆపరేటర్. ఆర్మూర్ దగ్గర పల్లె. ఆరేళ్లుగా క్యాంపులో నా కింది మంచం అన్నదే. అన్నం తిని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. గుండె.

పురుగుల సార్ అని ఏడిపించేవాళ్లం మేము.

తెల్లారగానే క్వారీ లైటు స్తంభాల కిందికి వెళ్లేవాడు. వెలుగుకొచ్చి రాలిపోయిన తూనీగలు, మిడతలు, నల్ల పేడపురుగులు ఏరుకునేవాడు. ఒక్కదాన్నీ చంపి ఎరగడు. ఖర్జూరం డబ్బాలో థర్మాకోల్ పరిచి, గుండుసూదితో గుచ్చి, కింద చిన్న చీటీ పెట్టేవాడు. ఎక్కడ దొరికింది, ఏ తేదీ.

అంతా కూతురి కోసం. ఆ అమ్మాయి డిగ్రీలో జువాలజీ.

చలికాలం పొద్దుటిపూట మంచు, క్వారీ దుమ్ము కలిసిపోయి కొండలు కూడా కనిపించేవి కావు. ఆ తెల్లటిదాంట్లో అన్న ఒక్కడే వంగి వంగి నడుస్తుంటే, ఇది దుబాయో, వాళ్ల పొలమో, నా కలో తెలిసేది కాదు.

రెండేళ్ల కింద నేను సెలవుకు కడప బయల్దేరుతుంటే డబ్బా నా చేతిలో పెట్టాడు. పార్సిల్ చేసి బిడ్డకు పంపమన్నాడు.

నేను చేసిన ఘనకార్యం చెప్తాను.

ఊరికి కార్టన్ కట్టేముందు సామాన్లకున్న ధర చీటీలన్నీ పీకేస్తాం కదా. ఆ ఊపులో అన్న చీటీలూ పీకేశాను. ఆడపిల్లకిచ్చేది, నీట్‌గా ఉండాలని! చెత్త బండి కూడా వెళ్లిపోయింది.

అన్న అరవలేదు. అరిచినా బాగుండేది. డబ్బా ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కదాన్నీ చూశాడు.

"గిది వాన వడ్డ తెల్లారి, గాఫ్ చెట్టు కింద. గిది నీళ్ల ట్యాంకర్ కాడ..."

గుర్తున్నవాటికి మళ్లీ రాశాడు. పదకొండు గుర్తుకు రాలేదు.

"ఏదో ఒకటి రాసేయన్నా" అన్నాను.

"వద్దు భాయ్. బిడ్డ సదువుకునేది, అబద్ధం రాయొద్దు. యాడిదో తెల్వకుంటే గది ఉత్త సచ్చిన పురుగే."

ఆ పదకొండింటినీ గాఫ్ చెట్టు కింద ఇసుకలో పెట్టి వచ్చాం. సిగ్గుతో నేను తలెత్తలేదు. "ఖలాస్. పా, చాయ్ తాగుదాం" అన్నాడు.

ఈ పొద్దున అన్న మంచం కింద రెండో డబ్బా దొరికింది. వచ్చే నెల సెలవుకు తానే తీసుకెళ్లాలనుకున్నది. అన్నిటికీ చీటీలున్నాయి.

ఒక్క తూనీగకు లేదు.

అది ఎక్కడిదో నాకు తెలుసు. నిన్న పొద్దున నేను పక్కనే ఉన్నాను. మంచు లేదు. రెక్క కంటికి అడ్డం పెట్టుకుని, "దీంట్లకెల్లి సూడు భాయ్, కొండ కానొస్తుంది" అన్నాడు. డ్యూటీకి టైమైందని నేను చూడలేదు.

ఇవాళ చూశాను అన్నా. కనిపించింది.

చీటీ నేనే రాశాను. మూడో నంబర్ లైటు కింద. నిన్నటి తేదీ. ఏరింది లింబాద్రి.

పేపర్లు అయ్యాక అన్నతో పాటు ఊరికి నేనే వెళ్తున్నాను. డబ్బా నా ఒళ్లోనే ఉంటుంది. అన్న పెట్టె మీద పేరు, ఊరు నా చేత్తో రాస్తానని ముదీర్‌ని, అదే మా మేనేజర్‌ని, అడిగాను. సరేనన్నాడు.

ఈసారి చీటీ పీకనన్నా. నిన్ను నీ బిడ్డకు సరిగ్గా అప్పజెప్తాను.

హాయిగా పడుకో లింబన్నా. రేపు డ్యూటీ లేదు.