నాయన స్నేహితుడు

తొంభైల్లో ధర్మవరంలో మాకు పట్టుచీరల అంగడి ఉండేది. రైల్వే స్టేషన్లో పడుకునే ఒక ఇల్లూవాకిలీ లేని మనిషి నాయనకు స్నేహితుడు. పొద్దున్నే ఇద్దరూ అంగడి మెట్ల మీద టీ తాగుతూ, రాని వాన గురించి వాదులాడుకునేవాళ్లు. నా పెండ్లి ముందురోజు ఆయన రాలేదు.

"చుట్టాలు చూస్తే బాగుండదని వాణ్ని జీపులో ముదిగుబ్బ అవతల వదిలిపెట్టించినా," అన్నాడు చిన్నాయన, వక్కాకు నములుతూ.

నాయన అప్పుడే కారు తీసుకుని పోయినాడు. సాయంత్రానికి ఆయన్ను వెతికి తెచ్చినాడు. ఎండలో నడిచి నడిచి ఆయన కాళ్లు బొబ్బలెక్కినాయి. మర్నాడు పెండ్లి భోజనాల్లో నాయన ఆయన్ను పక్కనే కూర్చోబెట్టుకున్నాడు.

"వాడుంటే నేను తినను," అన్నాడు చిన్నాయన.

"తినాకులే, పో," అన్నాడు నాయన.

చిన్నాయన లేచి పోయినాడు. చుట్టాలంతా నాయననే తప్పుపట్టినారు. వాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.