నది వీడియోలో లేని ముక్క

మా వీధిలో సోఫాలు కుట్టే అబ్బాయి తన మామగారిని నదిలోకి తోసేశాడని చెప్పుకుంటున్నారు. తోయలేదు. ఆ మాట పాల దుకాణం దగ్గర బయల్దేరి మా మెట్లెక్కేసరికి, తోసి పైగా నవ్వాడు అనేదాకా పెరిగింది. నవ్వనూ లేదు. దగ్గరుండి సంగతి తేల్చింది నేనే కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందు ఆ అబ్బాయి గురించి చెప్పాలి. వీధి చివర, షట్టరు ఎప్పుడూ సగం దించి ఉండే కొట్టు అతనిది. లోపల కాలు పెట్టడానికి చోటుండదు. ఒక పక్క ఫోం పలకలు, ఇంకో పక్క రెక్సిన్ ఊడిన కుర్చీలు, మధ్యలో స్ప్రింగులు బయటపెట్టుకుని పడుకున్న సోఫా. వారమంతా వంపు సూదితో వాటికి కుట్లు వేస్తాడు. ఆదివారం వచ్చిందంటే మాత్రం ఆ సోఫాలు మోసే వ్యానులోనే భార్యనీ, పిల్లల్నీ, అత్తమామల్నీ ఎక్కించుకుని ఏ కొండో, గుహో, అడవిదారో వెతుక్కుంటూ పోతాడు. పోయిన చోటల్లా వీడియో తీస్తారు. తర్వాత పని తెమిలినప్పుడల్లా కొట్టు వెనక గదిలో, ఫోం ముక్కల మీద కూర్చుని, కంప్యూటరులో వాటిని కత్తిరించి అతుకుతాడు.

ఒకసారి దిండు కుట్టించుకునే వంకతో వెళ్లి అతని వెనక నిలబడి చూశాను. దిండుకు ఏ రోగమూ లేదు. తెర మీద రంగురంగుల పట్టీలు ఒకదాని కింద ఒకటి పరిచి ఉన్నాయి.

"ఏంటి బాబూ ఇవి, అస్తరు గుడ్డల్లాగా?"

"ఇది బొమ్మ పెద్దమ్మా. ఇది మాటలు. ఇది గాలి మోత, ఇది తీసేస్తాను. మీ కోడలు నన్ను తిట్టినవి కూడా తీసేస్తాను."

"అవి తీసేస్తే ఇంకేం మిగులుతుందయ్యా?"

"అందుకే నా వీడియోలన్నీ అంత పొట్టిగా ఉంటాయి."

బొమ్మ విషయంలో మాత్రం మహా పట్టుదల. ఆకు మీద చీమ నడిస్తే దాని కాళ్లు కనబడాలంటాడు. హెచ్‌డీ కాకపోతే అతని దృష్టిలో అది వీడియోనే కాదు.

ఆ వీడియోలన్నింటికీ హీరో అతని మామగారు. బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు, ఈల మాత్రం ఇంకా మెడలోనే ఉంది. "ఈ ఊళ్లో సగంమందికి ఈత నేర్పింది నేనే" అనడం ఆయనకు అలవాటు. ప్రతి వీడియోలోనూ ఏదో ఒక బండ ఎక్కి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడతారు. "అల్లుడూ, ఆ పోజు మాత్రం కొయ్యకు" అని పక్కన కూర్చుని మరీ చెబుతారు.

ఇక నది. రెండు రబ్బరు పడవలు. ముందుదాంట్లో మాస్టారు, అల్లుడు, పడవ నడిపే మనిషి. వెనకదాంట్లో అబ్బాయి భార్య, అదే మాస్టారి అమ్మాయి, కెమెరా పట్టుకుని. పిల్లలూ వాళ్ల అమ్మమ్మా ఆ రోజు ఇంట్లోనే ఉండిపోయారు. తిరిగొచ్చాక అబ్బాయి వీడియో తయారుచేసి మా వీధి గ్రూపులో పెట్టాడు. దాని కిందే, అసలుది చూడండంటూ లింకు కూడా పెట్టాడు. లింకు ఎవరు నొక్కుతారు? వేలు తగలగానే తెరుచుకునేదే అందరం చూశాం. గ్రూపులో పెట్టిన వీడియోను ఫోను నలిపి నలిపి పంపుతుందట. అందులో ముఖాలు నీళ్లలో నానిన సబ్బుబిళ్లల్లా ఉన్నాయి. మాస్టారు పడవలో లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తారు. వెనక నుంచి ఒక నారింజ రంగు ముద్ద ఆయన వీపు మీద చెయ్యి వేసింది. ఆయన నీళ్లలో పడ్డారు. ఆ వెంటనే ఒడ్డున తువ్వాలు కప్పుకుని బొటనవేలు ఎత్తి చూపిస్తున్నారు. అంతే.

"చూశారా పిన్నిగారూ, ఎలా తోశాడో!" అంది మేడమీదావిడ.

"మరి మాస్టారేమంటున్నారు?"

"ఏమంటారు పాపం! అల్లుడి పరువు కాపాడుతున్నారు. అడిగితే 'ఏదో జరిగిందిలే' అని పేపరు అడ్డం పెట్టుకుంటున్నారు."

మాస్టారి భార్య అల్లుడితో మాట్లాడటం మానేసింది. కూతురు ఎంత చెప్పినా, "మొగుణ్ణి వెనకేసుకు రాక ఏం చేస్తావులే" అని తోసిపుచ్చింది. ఇక ఆ వ్యాను తనూ ఎక్కదు, మనవల్నీ ఎక్కనివ్వదు, మాస్టారినైతే అసలే పంపదు. ఆ తర్వాతి ఆదివారం వ్యాను కొట్టు ముందే ఉండిపోయింది. అబ్బాయి దాని అద్దం తుడిచాడు, మళ్లీ తుడిచాడు. కెమెరా అమ్మేస్తానంటున్నాడని అమ్మాయి నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇక నా కాలు ఇంట్లో నిలవలేదు.

"లింకు నొక్కితే అంతా కనబడుతుంది పెద్దమ్మా" అన్నాడు అబ్బాయి.

"నొక్కేవాళ్లయితే ఈపాటికి నొక్కేవాళ్లే. మా టీవీలో పెట్టు. జనాన్ని నేను పోగేస్తాను."

సాయంత్రానికి మా ముందుగది నిండిపోయింది. మాస్టారి భార్య అల్లుడి వైపు చూడకుండా కుర్చీ పక్కకు తిప్పుకుని కూర్చుంది. మాస్టారు తలుపు దగ్గరే నిలబడ్డారు, అవసరమైతే జారుకునేలా.

వీడియో మొదలైంది. నీళ్లు గాజులా ఉన్నాయి. మాస్టారి చొక్కాకు ఒక గుండీ లేదని కూడా తెలిసింది. ఆయన లేచి చేతులెత్తగానే తడి రబ్బరు మీద కాలు జారింది. వెనక నుంచి వచ్చిన చెయ్యి వీపు మీద లేదు. లైఫ్ జాకెట్ పట్టీ కింద వేళ్లు దూర్చి వెనక్కి గుంజుతోంది. కణుపులు తెల్లబడ్డాయి. అందుకోసం అబ్బాయి వదిలేసిన తెడ్డు అప్పటికే నీళ్లలో కొట్టుకుపోతోంది.

"అమ్మో, లాగుతున్నాడు!" అని అరిచింది మేడమీదావిడ. ఊపిరి పీల్చుకుని, "నేను ముందే అనుకున్నాను" అని కూడా అంది.

మాస్టారి భార్య కుర్చీ ఇటు తిప్పుకుంది. "మళ్లీ వెయ్యి నాయనా" అంది. నాయనా అన్న మాట వినగానే అబ్బాయి ముఖం వెలిగింది.

అక్కడితో ఊరుకోవచ్చు. నేను ఊరుకోలేదు. "పడ్డారు సరే, వెంటనే తువ్వాలేంటి? మధ్యలో ఏమైంది?"

"కెమెరా తడిసింది పెద్దమ్మా."

"కెమెరా వెనక పడవలో ఉంది కదయ్యా. అదెలా తడుస్తుంది?"

అబ్బాయి ఫ్యాను వైపు చూశాడు. అమ్మాయి నేల వైపు చూసింది. అత్తగారి కుర్చీ మళ్లీ కిర్రుమంది. "ఏదో దాస్తున్నారు" అంది.

అప్పుడు మాస్టారు గది మధ్యకు వచ్చారు. ఈల చేత్తో పట్టుకుని, వదిలేశారు.

"నాకు ఈత రాదు" అన్నారు.

నా చూపు ఆయన మెడలోని ఈల మీదికి పోయింది.

"మరి అంతమందికి నేర్పానన్నారు?" అన్నాను.

"నేర్పాను. ఒడ్డున నిలబడి, ఈల వేసి."

"పెళ్లికి ముందు ఏరు ఈదానని చెప్పారు కదండీ నాతో!" అంది ఆయన భార్య.

"దాటానన్నాను. వంతెన ఉండేది."

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకున్నాం. నవ్వుతోంది! ఇక గదంతా ఘొల్లుమంది. మాస్టారు కూడా నవ్వి, అల్లుడి భుజం మీద చెయ్యి వేశారు. "నేను పడగానే దూకాడు. లైఫ్ జాకెట్ ఉన్నా సరే, ఒడ్డుదాకా వీడి మెడకు వేలాడాను. వీధిలో వీణ్ణి అన్ని మాటలంటుంటే పేపరు చాటున కూర్చున్నాను."

"వచ్చే ఆదివారం ముందు పడవలో నేనెక్కుతాను" అంది అత్తగారు అల్లుడితో. "ఈయన్ని వెనక కూర్చోబెట్టు, తాడేసి కట్టు."

జనం వెళ్లాక అబ్బాయి వైరు చుట్టుకుంటుంటే గుమ్మంలో ఆపాను. "నువ్వు దూకిన ముక్క నీ దగ్గర భద్రంగానే ఉండి ఉంటుంది. మొదటి రోజే అది చూపిస్తే ఇన్ని మాటలు పడే పని లేదు కదా. ఎందుకు కోసేశావు బాబూ?"

"నీళ్లలో నా మెడ పట్టుకుని ఆయన 'కాపాడు' అనలేదు పెద్దమ్మా. 'అల్లుడూ, ఇది కట్ చెయ్యి' అన్నారు. సరే అన్నాను."